జబ్బు పేరు చాటున ఆమె దేహం

దీర్ఘకాలిక స్కిజోఫ్రీనియాతో జీవిస్తున్న స్త్రీ లైంగిక జీవితం గురించి సంబంధం చూసే మధ్యవర్తి ఆరా తీస్తాడు, అత్తవారు పెద్దమనుషుల్లో పెడతారు, విడాకుల కేసులో వకీళ్లు గంటల తరబడి వాదిస్తారు, గర్భం వద్దనుకుంటే చట్టం సంరక్షకుడి సంతకం అడుగుతుంది. ఆ ప్రస్తావన దాదాపుగా రాని చోటు ఆమెకు నెలనెలా మందులు రాసే ఓపీ గది ఒక్కటే. లైంగిక ఆరోగ్యం అంటే సుఖవ్యాధులు లేకపోవడంతో ముగిసేది కాదనీ, కోరిక, సుఖం, భద్రత, బలవంతం లేని సంబంధం కూడా అందులో భాగమేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న నిర్వచనాన్ని ఈ స్త్రీలకు వర్తింపజేసి చూస్తే, వాళ్లు కోల్పోతున్నదానిలో జబ్బు వాటా ఎంత, మందుల వాటా ఎంత, ఇంటివాళ్ల వాటా, చట్టం వాటా ఎంతన్నది విడివిడిగా కనిపిస్తుంది. ఆ పంపకంలో జబ్బు వాటా సాధారణంగా అనుకునేదానికంటే తక్కువ.

స్కిజోఫ్రీనియా ప్రపంచంలో దాదాపు ప్రతి 300 మందిలో ఒకరికి ఉందని అంచనా. ఎవరూ లేకపోయినా మాటలు వినిపించడం, తనపై కుట్ర జరుగుతోందన్న నమ్మకం ఎంత చెప్పినా సడలకపోవడం, ఆలోచనల వరస చెదిరి మాట పొంతన తప్పడం ఈ జబ్బులో పైకి కనిపించే లక్షణాలు. వీటికంటే నెమ్మదిగా వచ్చి ఎక్కువకాలం నిలిచిపోయేవి మరికొన్ని ఉన్నాయి: మాట తగ్గడం, ముఖంలో భావం ఇంకిపోవడం, దేనిమీదా ఉత్సాహం పుట్టకపోవడం. ఉండాల్సినవి లేకుండా పోవడం కాబట్టి వైద్యులు వీటిని నెగెటివ్ లక్షణాలంటారు. జబ్బు పురుషుల్లో ఎక్కువగా ఇరవైల తొలి సంవత్సరాల్లో మొదలైతే, స్త్రీలలో సగటున మూడు నుంచి ఐదేళ్లు ఆలస్యంగా మొదలవుతుంది. నెలసరి ఆగిపోయే వయసుకు అటూ ఇటూగా మరికొంతమంది స్త్రీలకు మొదటిసారి బయటపడుతుంది. అండాశయాలు తయారుచేసే ఈస్ట్రోజెన్ అనే హార్మోను మెదడుకు కొంత రక్షణ ఇస్తుందన్న ఊహకు ఈ వయసు తేడాయే ప్రధాన ఆధారం కాగా, మెల్‌బోర్న్‌లో జయశ్రీ కులకర్ణి బృందం మామూలు మందులకు తోడుగా ఈస్ట్రోజెన్ పట్టీలు చర్మానికి అతికించి చేసిన పరీక్షలో లక్షణాలు మరింత తగ్గాయని 2008లో ప్రచురించిన ఫలితాలు దానికి బలం చేకూర్చాయి. సామాజికంగా చూస్తే ఇదే వయసు తేడాకు మరో పర్యవసానం ఉంది: జబ్బు బయటపడేనాటికి మన ప్రాంతాల్లో చాలామంది స్త్రీలకు పెళ్లయి, ఒడిలో ఒక బిడ్డ కూడా ఉంటుంది.

ఈ స్త్రీల గురించి రెండు పరస్పర విరుద్ధమైన అభిప్రాయాలు లోకంలో పక్కపక్కనే కాపురం చేస్తున్నాయి. మతిస్థిమితం తప్పిన మనిషికి కోరికలేమిటన్నది మొదటిది. అదుపు తప్పిన కోరికే ఆ జబ్బన్నది రెండోది. జబ్బు తీవ్రంగా ఉన్న రోజుల్లో కొందరిలో సంకోచం సడలడం నిజమే అయినా, ఆ దశ కొద్ది వారాల్లో చల్లబడుతుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగే జీవితంలో కోరిక, సాన్నిహిత్యం కోసం తపన, తోడు లేదన్న బాధ మిగతా ఆడవాళ్లకు ఎలా ఉంటాయో వీళ్లకూ అలాగే ఉంటాయి. వాటిని తీర్చుకునే దారిలోనే ఆటంకాలెక్కువ. స్కాట్లండ్‌లోని నిత్స్‌డేల్ ప్రాంతంలో స్కిజోఫ్రీనియా ఉన్నవారిపై జరిగిన అధ్యయనం 2003లో వెలువడినప్పుడు, కనీసం ఒక లైంగిక ఇబ్బంది ఉందన్న స్త్రీలు 96 శాతం, పురుషులు 82 శాతం ఉన్నట్టు తేలింది. ఏ ఒక్క ఇబ్బంది ఉన్నా లెక్కలో చేర్చడం వల్ల అంకె ఇంత పెద్దదైందన్న మాట వాస్తవమే గాని, పురుషుల అంగస్తంభన సమస్య గురించి అంతో ఇంతో మాట్లాడే వైద్యలోకం స్త్రీల విషయంలో నోరు మెదపకపోవడానికి ఆ అంకె సమర్థన కాజాలదు.

మందు చీటీలో రాయని సంగతి

స్కిజోఫ్రీనియాకు తొలి మందు క్లోర్‌ప్రొమజైన్ 1952లో పారిస్‌లో వాడకంలోకి వచ్చింది మొదలు, ఈ మందుల్లో అత్యధికం మెదడులోని డోపమైన్ అనే రసాయనం పనిని అడ్డుకునే పద్ధతిలోనే పనిచేస్తున్నాయి. వినిపించే మాటలు, అనుమానాలు తగ్గేది ఆ అడ్డుకట్ట వల్లనే. అయితే అదే డోపమైన్ మెదడు అడుగుభాగాన ఉండే పిట్యూటరీ గ్రంథికి చేరి, పాలిచ్చే తల్లుల్లో పాలు తయారు చేయించే ప్రొలాక్టిన్ హార్మోను అతిగా ఊరకుండా కళ్లెం వేస్తూ ఉంటుంది. మందు ఆ కళ్లేన్ని సడలించడంతో ప్రొలాక్టిన్ పెరుగుతుంది, పెరిగిన ప్రొలాక్టిన్ అండాశయాలను నడిపించే సంకేతాలను అణచివేస్తుంది, ఈస్ట్రోజెన్ పడిపోతుంది. ఫలితంగా నెలసరి దూరమవుతుంది లేదా పూర్తిగా ఆగిపోతుంది, యోని పొడిబారి కలయిక నొప్పిగా మారుతుంది, కోరిక మందగిస్తుంది, భావప్రాప్తి అందకుండా పోతుంది, కొందరికి బిడ్డ లేకుండానే చనుమొనల నుంచి పాలు కారతాయి, ఏళ్లు గడిచేకొద్దీ ఎముకలు గుల్లబారతాయి. గర్భం, బాలింత దశలు కాని సమయంలో స్త్రీల రక్తంలో మిల్లీలీటరుకు సుమారు 25 నానోగ్రాములు దాటకూడని ప్రొలాక్టిన్, కొన్ని మందుల వల్ల వంద దాటడం వైద్యులు తరచుగా చూసే సంగతే.

అన్ని మందులూ ఈ విషయంలో ఒకటి కావన్నది ఇక్కడ తెలుసుకోవలసిన ముఖ్యాంశం. విరివిగా రాసే రిస్‌పెరిడోన్, దాని దగ్గరి చుట్టమైన పాలిపెరిడోన్, అమిసల్‌ప్రైడ్, పాతకాలపు హాలోపెరిడాల్ ప్రొలాక్టిన్‌ను బాగా పెంచుతాయి. ఒలాంజపైన్ కొద్దిగా పెంచినా బరువునూ చక్కెరనూ ఎక్కువగా పెంచుతుంది. క్వటయపైన్, క్లోజపైన్ ప్రొలాక్టిన్‌ను దాదాపు ముట్టుకోవు. డోపమైన్‌ను పూర్తిగా అడ్డుకోకుండా పాక్షికంగా ప్రేరేపించే అరిపిప్రజోల్ ప్రొలాక్టిన్‌ను తగ్గిస్తుంది కూడా. కాబట్టి నెలసరి ఆగిన స్త్రీకి వైద్యుడు చేయగలిగినవి చాలానే ఉన్నాయి: గర్భం లేదని నిర్ధారించుకుని ప్రొలాక్టిన్ పరీక్ష చేయించడం, వీలైతే మోతాదు తగ్గించడం, మందు మార్చడం, లేదా ఉన్న మందుకు చిన్న మోతాదులో అరిపిప్రజోల్ జతచేయడం. తలనొప్పి, చూపు మసకబారడం వంటివి తోడైతే పిట్యూటరీలో కంతి ఉందేమో స్కానింగ్‌తో చూడాలి. చేయకూడని పని ఒక్కటే, రోగి తనంతట తాను మాత్రలు మానేయడం. మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, అప్పుడు మొదటికంటే పెద్ద మోతాదు అవసరపడవచ్చు. వైద్యుణ్ని వెంటనే కలిసే వీలు లేనివారికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ ఫోన్ నంబరు 14416 ఉంది.

ఈ హార్మోను మార్పు ఇంట్లో ఎలా అర్థమవుతుందో చూస్తే విషయం మరింత చిక్కుపడుతుంది. రెండు నెలలు బయట చేరకపోతే కోడలు నెల తప్పిందని అత్తగారు సంబరపడుతుంది, కిట్‌లో ఒక్క గీతే వచ్చాక అదే కోడల్ని గొడ్రాలంటుంది. చెడు రక్తం ఒంట్లోనే నిలిచిపోయి తలకెక్కుతోందని, దానివల్లే మతి చెడుతోందని ఇంకొకరు తేలుస్తారు, మాత్రలు అక్కడితో ఆగిపోతాయి. ఆ స్త్రీ స్వయంగా తాను గర్భవతినని గట్టిగా నమ్మడమూ ఉంది. దీన్ని మనోవైద్యంలో గర్భభ్రమ అంటారు. నెలసరి రాకపోవడం, రొమ్ములు బరువెక్కి పాలు కారడం, మందుల వల్లే పెరిగిన పొట్ట, ఇవన్నీ కళ్లెదుట ఉండగా ఆమెది ఆధారం లేని నమ్మకమని కొట్టిపారేయడం కష్టం. ప్రొలాక్టిన్ తగ్గగానే భ్రమ కూడా సడలిన కేసులు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. దీనికి తలకిందులైన ప్రమాదమూ ఉంది. రిస్‌పెరిడోన్ నుంచి క్వటయపైన్‌కో అరిపిప్రజోల్‌కో మార్చినప్పుడు, నెలసరి కనిపించేలోపే అండం విడుదల కావచ్చు. ఏళ్ల తరబడి గర్భం రాలేదు కాబట్టి ఇక రాదని నమ్మి ఏ జాగ్రత్తా తీసుకోని దంపతులకు అనుకోని గర్భం వస్తుంది. మందు మార్చే రోజునే ఈ మాట చెప్పకపోవడం చికిత్సలో లోపమే తప్ప మరొకటి కాదు.

ఓపీలో మూడో మనిషి

రద్దీగా ఉండే ఓపీలో రోగికి దక్కేది కొద్ది నిమిషాలు. బల్లకు అవతల డాక్టరు, ఇవతల స్టూలు మీద ఆమె, ఆమె వెనక నిలబడ్డ తల్లో భర్తో అన్నో. నిద్ర పడుతోందా, తిడుతోందా, మాత్రలు వేసుకుంటోందా అన్న ప్రశ్నలు సగం ఆమె తల మీదుగా వెనకనున్న మనిషికే వెళతాయి. ఆఖరి నెలసరి తేదీ అడిగితే జవాబు కూడా ఆ మనిషే చెప్పబోతాడు. మందుల వల్ల కలిగే లైంగిక ఇబ్బందులను తమంతట తాము చెప్పేవారు సగం మంది కూడా ఉండరనీ, నేరుగా అడిగితేనే మిగతావారు నోరు విప్పుతారనీ స్పెయిన్‌లో జరిగిన పరిశీలనలు చూపాయి. తోడు లేకుండా ఒక్కమాటైనా ఒంటరిగా మాట్లాడే వీల్లేని మన ఓపీల్లో ఆ సంఖ్య అంతకన్నా మెరుగ్గా ఉంటుందని ఆశించడానికి కారణం లేదు. అడిగితే రోగి నొచ్చుకుంటుందన్నది వైద్యుల సంశయం. ఒక నర్సు పక్కగదికి తీసుకెళ్లి, ఈ మాత్రలు వాడే చాలామంది ఆడవాళ్లకు నెలసరి తేడా చేస్తుంది, కలిసినప్పుడు నొప్పి ఉంటుంది, నీకేమైనా ఉందా తల్లీ అని అడిగితే నొచ్చుకోవడానికి అందులో ఏమీ లేదు.

అడగడానికి తయారైన ప్రశ్నావళులూ ఉన్నాయి. వాటిలో ప్రసిద్ధమైనది 2000లో వెలువడిన స్త్రీ లైంగిక క్రియా సూచిక. గడిచిన నాలుగు వారాల అనుభవం మీద పందొమ్మిది ప్రశ్నలు అడిగి మార్కులు వేస్తుంది. అందులో ఒక ఇరుకు ఉంది: ఆ నాలుగు వారాల్లో కలయికే లేకపోతే చాలా ప్రశ్నలకు సున్నా పడుతుంది. భర్త పుట్టింట్లో వదిలేసి వెళ్లిన స్త్రీకి, జీవితమంతా హాస్టలు వంటి పునరావాస గృహంలో గడుపుతున్న స్త్రీకి సున్నాలు పడితే, అది ఆమె దేహంలోని లోపాన్ని కొలిచిందా, ఆమె ఒంటరితనాన్ని కొలిచిందా అన్నది తేలదు. అదే ఏడాది వచ్చిన అరిజోనా లైంగికానుభవ కొలమానం ఐదే ప్రశ్నలతో, భాగస్వామి ఉన్నా లేకున్నా పనికివచ్చేలా తయారైంది కాబట్టి మన పరిస్థితులకు అదే నయమనిపిస్తుంది.

ఇక ఆ భాగస్వామి విషయానికొస్తే, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు అన్న సామెతలోని రెండో సగాన్ని తెలుగునాట తల్లిదండ్రులు వైద్యసలహాగానే తీసుకుంటున్నారు. జబ్బు దాచి పెళ్లి చేస్తారు. కొత్తకోడలు మాత్రలు వేసుకుంటే గుట్టు బయటపడుతుంది కాబట్టి పెళ్లికి ముందే మాన్పిస్తారు. కొత్త చోటు, నిద్రలేమి, మాత్రలు లేకపోవడం కలిసి కొద్ది నెలల్లోనే జబ్బు తిరగబెట్టిస్తాయి. ఆపైన జరిగేది ఊహించనక్కర్లేదు. చెన్నైలోని స్కిజోఫ్రీనియా పరిశోధన సంస్థ స్కార్ఫ్‌కు చెందిన ఆర్. తార బృందం, కాపురం విడిపోయిన 76 మంది రోగి స్త్రీల మీద జరిపి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, జబ్బు తెచ్చిన మచ్చకంటే మొగుడు వదిలేసిందన్న మచ్చే ఆ స్త్రీలనూ వారి కుటుంబాలనూ ఎక్కువగా కుంగదీస్తోందని తేలింది. ఈ స్త్రీల లైంగికానుభవం గురించి మాట్లాడేటప్పుడు, చాలామందికి అది కొద్ది నెలల కాపురంతోనే ఆగిపోయిందన్న సంగతి మరువరాదు.

చట్టం ఇక్కడ రెండు నాలుకలతో మాట్లాడుతుంది. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో విడాకులకు కారణమయ్యే మానసిక రుగ్మతల వివరణలో, 1976 సవరణ ద్వారా స్కిజోఫ్రీనియా పేరు పెట్టి మరీ చేర్చారు. అయితే జబ్బు పేరు ఒక్కటే చాలదనీ, కలిసి బతకడం అసాధ్యమయ్యేంత తీవ్రత ఉందని రుజువు కావాలనీ సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన ఒక కేసులో 2013 సెప్టెంబరులో ఇచ్చిన తీర్పు మరింత స్పష్టమైనది: వృత్తిరీత్యా వైద్యురాలైన భార్యకు స్కిజోఫ్రీనియా ఉందని భర్త కోరిన విడాకులను హైకోర్టు నిరాకరించగా, చికిత్సకు లొంగే జబ్బు వచ్చిందని జీవిత భాగస్వామిని విడిచిపెట్టడం కుదరదన్న వైఖరితో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. కోర్టు కాపురాన్ని నిలబెట్టగలదేమో గాని, ఆ కాపురంలో ఆమె సుఖంగా, భద్రంగా ఉందా అని అడిగే అధికారం దానికి లేదు.

ఆ భద్రత ఎంత పలుచనో బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ప్రభా చంద్ర, ఆమె సహచరులు 2003లో ప్రచురించిన పరిశీలన చెబుతుంది. తీవ్ర మానసిక వ్యాధితో ఆసుపత్రిలో చేరిన 146 మంది స్త్రీలను ఒంటరిగా కూర్చోబెట్టి అడిగితే, మూడింట ఒకవంతు మంది లైంగిక బలవంతానికి గురయ్యామన్నారు. బలవంతం చేసినవారిలో ముందువరసలో ఉన్నది భర్తలే. ఈ సంగతి ముందుగానే వైద్యుల కాగితాలకెక్కిన వారు వేళ్లమీద లెక్కించేంత మంది. పక్కింటివాడు చెయ్యి వేశాడని ఆమె చెప్పినా అది జబ్బు మాటేనని కొట్టిపారేయడం ఎంత తేలికో, అలా కొట్టిపారేస్తారని తెలిసిన మగవాడికి ఆమె అంత తేలికగా దొరుకుతుంది. భ్రమలున్న మనిషి చెప్పేదంతా భ్రమ కాదన్న ఇంగితం పోలీసు స్టేషను దాకా వెళ్లాలి. భారతీయ న్యాయ సంహిత ప్రకారం, మతిస్థిమితం లేక ఏం జరుగుతోందో గ్రహించలేని స్థితిలో స్త్రీ ఇచ్చిన సమ్మతి సమ్మతే కాదు, మానసిక వైకల్యమున్న స్త్రీపై అత్యాచారానికి శిక్షా ఎక్కువే. కానీ పద్దెనిమిదేళ్లు నిండిన సొంత భార్యతో భర్త కలయికను అదే చట్టం అత్యాచార నిర్వచనం నుంచి మినహాయించింది. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడే, మత్తు దిగని భార్య పక్కన చేరే భర్తకు ఆ మినహాయింపు వర్తిస్తుంది. 2005 నాటి గృహహింస చట్టం లైంగిక దౌర్జన్యాన్నీ హింసగానే గుర్తించడం ఆమెకు మిగిలిన ఒక దారి.

గర్భనిరోధం విషయంలో కుటుంబాలు తెలిసిన ఒకే పరిష్కారం వైపు, అంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ వైపు మొగ్గుతాయి. నెలసరి శుభ్రత చూసుకోలేదని గర్భసంచే తీయించేయడం దానికి పైమెట్టు. ఈ ఆలోచన వెనక చీకటి చరిత్ర ఉంది: 1933 జులైలో నాజీ జర్మనీ చేసిన బలవంతపు సంతాన నిరోధ చట్టం జాబితాలో స్కిజోఫ్రీనియా ఉంది, ఆ చట్టం కింద దాదాపు నాలుగు లక్షల మందికి ఆపరేషన్లు జరిగాయి. తల్లికో తండ్రికో జబ్బు ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సుమారు పది శాతం, అంటే తొంభై శాతం రాదు. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షను మానసిక వ్యాధికి చికిత్స పేరుతో స్త్రీపురుషులెవరికీ సంతాన నిరోధ ఆపరేషన్ చేయరాదని నిషేధించింది. ఆపరేషన్ కాని పద్ధతులు ప్రభుత్వ కేంద్రాల్లోనే ఉన్నాయి. ఎంపికలో మాత్రం మానసిక వైద్యుడికీ స్త్రీవైద్యురాలికీ మధ్య మాట జరగాలి. మూడు నెలలకోసారి ఇచ్చే అంతర ఇంజెక్షన్ రోజూ మాత్ర గుర్తుపెట్టుకోలేని స్త్రీకి సౌకర్యమే అయినా, అదీ ఎముకల సాంద్రతను తగ్గించేదే కాబట్టి ప్రొలాక్టిన్ పెంచే మందు వాడేవారికి రెండు దెబ్బలు ఒకేచోట పడతాయి. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు క్లోజపైన్ మోతాదును రక్తంలో పెంచుతాయి. మూడ్ నిలకడకు వాడే కార్బమజపైన్ ఆ మాత్రల పనితీరును తగ్గిస్తుంది. గర్భంలోని శిశువు వెన్నుకు హాని చేసే వాల్‌ప్రోయేట్‌ను బిడ్డలు పుట్టే వయసులోని స్త్రీకి రాయకపోవడమే మేలు. ఇలాంటి చిక్కులు లేని కాపర్‌-టి చాలామందికి తగిన పద్ధతి.

గర్భస్రావ చట్టం ఇంకా పాత పద్ధతిలోనే ఉంది. 2017 చట్టం ప్రకారం మానసిక రోగికి తన చికిత్స గురించి నిర్ణయం తీసుకునే సామర్థ్యం ఉన్నట్టే మొదట భావించాలి. 1971 నాటి గర్భస్రావ చట్టం మాత్రం మానసిక వ్యాధికి చికిత్స అవసరమైన స్త్రీ గర్భం తీయించుకోవాలంటే సంరక్షకుడి రాతపూర్వక సమ్మతి తప్పనిసరి చేస్తోంది. ఉద్యోగం చేస్తూ, ఓటు వేస్తూ, బ్యాంకు ఖాతా నడుపుతూ, రోజుకొక మాత్ర వేసుకునే స్త్రీకి కూడా ఈ నియమాన్ని వర్తింపజేసే ప్రమాదం ఉంది. ఈ పొంతనలేమిని సరిదిద్దే పని పార్లమెంటుది. బిడ్డ కావాలనుకున్న స్త్రీకి మాత్రం దారులు మెరుగయ్యాయి: నిమ్హాన్స్‌లో 2009 నుంచి తల్లీబిడ్డల వార్డు నడుస్తోంది, చికిత్స పొందుతున్న తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను సాధారణంగా వేరుచేయరాదని 2017 చట్టమే చెబుతోంది.

నలభై ఐదు దాటిన రోగి స్త్రీల గురించి రాసేవారే తక్కువ. సహజంగా ఈస్ట్రోజెన్ తగ్గే ఆ వయసులో, అంతవరకూ సరిపోయిన మందు మోతాదు చాలకపోవచ్చు, యోని పొడిబారడం మరింత బాధిస్తుంది, గర్భాశయ ముఖద్వారం, రొమ్ము క్యాన్సర్ల పరీక్షలు చేయించుకోవలసిన వయసూ అదే. తెలంగాణలో 2023 మార్చిలో మంగళవారాల్లో నడిచే ఆరోగ్య మహిళ క్లినిక్కులు మొదలైనా, మానసిక వైద్యశాల చీటీ ఉన్న స్త్రీని అక్కడికి ఎవరో ఒకరు చెయ్యిపట్టి తీసుకెళితే తప్ప చేరదు. ఫిన్లండ్‌లో స్కిజోఫ్రీనియా స్త్రీల రికార్డులను పోల్చి చూసి 2021లో వెలువరించిన అధ్యయనంలో, ప్రొలాక్టిన్ పెంచే మందులు ఐదేళ్లు, ఆపైన వాడినవారిలో రొమ్ము క్యాన్సర్ అవకాశం సుమారు ఒకటిన్నర రెట్లు ఉన్నట్టు కనిపించింది. ప్రొలాక్టిన్‌ను పెంచని మందుల విషయంలో అలాంటి పెరుగుదల కనిపించలేదు. పాతికేళ్లుగా అదే చీటీ మీద అదే మాత్ర తీసుకుంటున్న స్త్రీలు తెలుగు జిల్లాల్లో ఎందరో ఉన్నారు. వారికి ఈసారి ఓపీలో ఆ చీటీతో పాటు రొమ్ము పరీక్షకు, ప్రొలాక్టిన్ పరీక్షకు కూడా రాసివ్వాలి.